తొమ్మిది రోజుల పాప, సిజేరియన్ కాన్పు: పాలు చాలడం లేదని డబ్బా మొదలుపెట్టాలా?

మీరు రాసినదాన్ని క్లుప్తంగా చెప్పుకుందాం. మీ చెల్లికి సిజేరియన్ అయి తొమ్మిది రోజులు. పాప పుట్టినప్పుడు 2.9 కిలోలు, నిన్న తూకం వేస్తే 2.74. సాయంత్రమైతే గంటగంటకూ గుక్కపట్టి ఏడుస్తోంది. చనుమొనలు చిట్లి నెత్తురు కనిపిస్తోంది, కుడి రొమ్ములో ఒకచోట గట్టిగా గడ్డలా ఉంది, పంపు పెడితే 20 మిల్లీలీటర్లే వచ్చాయి. ఇంట్లో పెద్దవాళ్లు "పాలు పడలేదు, డబ్బా తెప్పించండి" అంటున్నారు. తెప్పించాలా, అక్కగా మీరేం చెయ్యగలరు అన్నది ప్రశ్న.

పాప రోజుకు ఆరు గుడ్డలైనా బాగా తడుపుతూ, పాలకు తనంతట తాను లేస్తుంటే ఇవాళ డబ్బా అక్కర్లేదు. పాప రొమ్ము పట్టుకునే తీరు సరిచేసి, మూడు రోజుల తర్వాత అదే కాటాలో మళ్లీ తూకం వెయ్యండి. కనీసం 60 గ్రాములు పెరగాలి. పెరక్కపోతే అప్పుడు అదనంగా పాలు పట్టాలి, అవి కూడా ముందు మీ చెల్లివే పిండి పట్టాలి. తడి గుడ్డలు ఆరు కంటే తక్కువున్నా, పాప మగతగా ఉండి లేపినా తాగకపోయినా మూడు రోజులు ఆగొద్దు, ఇవాళే పిల్లల డాక్టరుకు చూపించండి.

మీరు రాసిన వాటిలో పాలు లేవనడానికి ఆధారమేదీ నాకు కనబడలేదు. రొమ్ము గడ్డకట్టిందంటే లోపల పాలు తయారవుతున్నట్టే. చనుమొన చిట్లిందంటే పాప నోరు సరైన చోట పట్టుకోవడం లేదు. ఈ రెండూ కలిపి చూస్తే పాలు ఉన్నాయి, బిడ్డ నోటికి సరిగా అందడం లేదు. నేను చూసే "పాలు చాలడం లేదు" కేసుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే.

ముందు తూకం సంగతి

పుట్టిన బిడ్డ మొదటి మూడు నాలుగు రోజుల్లో బరువు తగ్గడం మామూలే. ఏడు శాతం వరకు దిగులు అక్కర్లేదు, పది దాటితే డాక్టరు చూడాలి. మీ పాప 160 గ్రాములు తగ్గింది, అంటే ఐదున్నర శాతం. అయితే తొమ్మిదో రోజున ఈ ఒక్క అంకె చాలదు. డిశ్చార్జి కాగితం తీసి నాలుగో రోజు బరువెంతో చూడండి. అప్పుడు 2.64 ఉండి ఇప్పుడు 2.74 అయితే రోజుకు 20 గ్రాముల చొప్పున ఎక్కుతోందన్నమాట, దారిలో పడినట్టే. అప్పుడు 2.76 ఉండి ఇప్పుడు 2.74 అయితే ఇంకా దిగుతూనే ఉంది, అది ఇవాళ తేల్చుకోవాల్సిన విషయం. పది నుంచి పద్నాలుగు రోజుల మధ్య పుట్టినప్పటి బరువుకు రావాలి, ఆ తర్వాత రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి.

సిజేరియన్ పిల్లల విషయంలో ఇంకో మెలిక ఉంది. ఆపరేషన్ ముందు తల్లికి ఎక్కించిన సెలైన్ వల్ల బిడ్డ ఒంట్లోనూ కాస్త నీరు చేరి, పుట్టినప్పటి తూకం ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. ఆ నీరు మూత్రంగా పోయాక బరువు గబుక్కున తగ్గినట్టు కనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ఈ భయం చాలా ఇళ్లలో కనిపించడానికి అదీ ఒక కారణం.

తూకం ఎప్పుడూ బట్టల్లేకుండా, ఒకే కాటాలో, పాలకు ముందు వెయ్యండి. ఆశా కార్యకర్తలు కాన్పు తర్వాత 42 రోజుల లోపు ఇంటికొచ్చి చూడాలి, వాళ్ల దగ్గర బిడ్డను తూచే కాటా ఉంటుంది. అడగండి.

గుడ్డల లెక్క

మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు, అలా పెరిగి ఐదో రోజు నుంచి 24 గంటల్లో ఆరు, అంతకు మించి తడవాలి. మూత్రం రంగు లేకుండానో లేత పసుపుగానో ఉండాలి. మొదటి రెండు మూడు రోజుల్లో ఇటుక పొడి రంగు మరక కనిపించినా ఫరవాలేదు. ఐదో రోజు తర్వాత కనిపిస్తే పాలు తక్కువ అందుతున్నాయని అర్థం. విరేచనం నల్లగా మొదలై, ఆకుపచ్చకు తిరిగి, ఐదో రోజుకల్లా ఆవపిండి కలిపినట్టు పసుపు రంగుకు రావాలి, రోజుకు మూడు నాలుగు సార్లు అవ్వాలి.

పాత నూలు చీర చింపిన గుడ్డలు వాడుతుంటే లెక్క తేలిక. డైపరు వేస్తుంటే తడిసిందో లేదో చెయ్యి పెట్టినా తెలీదు, ఈ మూడు రోజులూ మానెయ్యండి. గోడకు ఒక కాగితం అంటించి తడిసిన ప్రతిసారీ గీత పెట్టండి. ఇంట్లో వాదనలు వచ్చినప్పుడు ఆ గీతలే జవాబు చెబుతాయి.

ఏడుపును మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా గంటకోసారి తాగడం ఈ వయసులో చాలామంది పిల్లలు చేసేదే. పంపు కూడా కొలత కాదు. పాప తాగిన కాసేపటికే, నొప్పితో, కంగారుతో పంపు పెడితే 20 మిల్లీలీటర్లు రావడం తక్కువేం కాదు. పాప నోరు లాగినన్ని పాలు పంపు లాగలేదు.

పట్టు సరిచెయ్యడం: అసలు పని ఇక్కడే

పాలు తాగి వదిలిన వెంటనే చనుమొనను చూడండి. గుండ్రంగా, కాస్త పొడవుగా ఉంటే పట్టు బాగున్నట్టు. ఒక వైపు నొక్కుకుపోయి, ఏటవాలుగా, కొన మీద తెల్లటి గీతతో ఉంటే పాప చనుమొనను మాత్రమే నోట్లో పెట్టుకుని చిగుళ్ల మధ్య నలుపుతోంది. పాలు రావాలంటే చుట్టూ ఉన్న నల్లటి భాగంలో చాలావరకు, ముఖ్యంగా కింది వైపుది, నోట్లోకి వెళ్లాలి.

కుట్లున్న తల్లికి బాగా కుదిరేది చంక కింద పట్టుకునే పద్ధతి. గోడకు ఆనుకుని నిటారుగా కూర్చోబెట్టి, నడుం వెనక దిండు, పక్కన రెండు దిండ్లు పెట్టండి. కుర్చీలో కూర్చుంటే కాళ్ల కింద పీట వెయ్యండి. కుడి రొమ్ము పట్టేటప్పుడు పాప ఒళ్లు కుడి చంక కిందుగా, కాళ్లు తల్లి వీపు వైపు ఉంటాయి. కుట్ల మీద బరువు పడదు. తల్లి కుడి అరచెయ్యి పాప భుజాల కింద ఉండాలి, బొటనవేలు ఒక చెవి వెనక, మిగతా వేళ్లు రెండో చెవి వెనక. తల వెనక చెయ్యి పెట్టి రొమ్ముకేసి నొక్కితే పాప మెడ వెనక్కి విరిచి గింజుకుంటుంది. "రొమ్మంటే ఇష్టం లేదు దీనికి" అని ఇంట్లోవాళ్లు అనుకునేది చాలాసార్లు ఈ నొక్కుడు వల్లే.

ఇప్పుడు వరస:

పాప చెవి, భుజం, తుంటి ఒకే గీతలో ఉండాలి. ముక్కు చనుమొనకు ఎదురుగా ఉండాలి, నోరు కాదు. ఎడమ చేత్తో రొమ్మును కింద నుంచి ఎత్తి పట్టుకోవాలి, వేళ్లు నల్లటి భాగానికి బాగా వెనక ఉండాలి. రెండు వేళ్ల మధ్య కత్తెరలా పట్టుకుంటే పాప నోటికి అడ్డం వస్తాయి. చనుమొనతో పై పెదవిని తాకిస్తూ ఆగాలి. పాప ఆవులించినంత పెద్దగా నోరు తెరిచే దాకా ఆగాలి, సగం తెరిచినప్పుడు తొందరపడొద్దు. తెరిచిన క్షణంలో భుజాల దగ్గర పట్టి బిడ్డను రొమ్ము దగ్గరికి చటుక్కున తీసుకురావాలి, గడ్డం ముందు ఆనాలి. తల్లి ముందుకు వంగి రొమ్మును నోట్లో కుక్కితే పట్టూ కుదరదు, నడుం కూడా పోతుంది.

సరిగా పట్టినప్పుడు గడ్డం రొమ్ముకు ఆనుకుని ఉంటుంది, కింది పెదవి బయటికి తిరిగి ఉంటుంది, నల్లటి భాగం కింద కంటే పైన ఎక్కువ కనిపిస్తుంది, బుగ్గలు లోపలికి పోవు. మొదట గబగబా చప్పరిస్తుంది. పాలు చేపుకు రాగానే తీరు మారుతుంది: నిదానంగా, లోతుగా లాగి, గడ్డం ఒక క్షణం కిందికి ఆగి, గుటక. ఆ గుటక వినపడేంత దగ్గరగా కూర్చోండి. టక్ టక్‌మని నాలుక చప్పుడు వస్తుంటే పట్టు జారుతోంది.

మొదటి అర నిమిషం కాస్త సలపడం ఉంటుంది. ఆ తర్వాతా నొప్పి ఉంటే వదిలించి మళ్లీ పట్టించాలి. లాగి వదిలించొద్దు, చిటికెన వేలు పాప నోటి మూల నుంచి చిగుళ్ల మధ్యకు పెడితే గాలి చేరి తనే వదుల్తుంది. మొదట్లో ఒక్కో పూట నాలుగైదు సార్లు ఇలా చెయ్యాల్సి రావొచ్చు. చెల్లి విసుక్కుంటుంది, కన్నీళ్లు కూడా వస్తాయి. మీ అవసరం అప్పుడే ఎక్కువ.

ఒక వైపు తనంతట వదిలే దాకా పట్టి, తర్వాత రెండో వైపు ఇవ్వండి. "ఇటు పది నిమిషాలు, అటు పది నిమిషాలు" అని గడియారం చూడొద్దు. 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు తాగాలి. పుట్టినప్పటి బరువుకు వచ్చే వరకు పగలు మూడు గంటలు, రాత్రి నాలుగు గంటలు మించి నిద్రపోతే లేపి పట్టాలి.

చిట్లిన చనుమొనలు

పట్టు మారితే రెండు మూడు రోజుల్లో తేడా తెలుస్తుంది. అప్పటిదాకా నొప్పి తక్కువున్న వైపుతో మొదలుపెట్టండి. తాగాక రెండు చుక్కల పాలు అక్కడే రాసి గాలికి ఆరనివ్వండి. సబ్బు వద్దు. ప్రతిసారీ తడిగుడ్డతో తుడవనూ వద్దు. లానోలిన్ క్రీము పల్చగా రాసుకోవచ్చు, స్వచ్ఛమైనదైతే పాలు పట్టే ముందు కడగనక్కర్లేదు. పాప నోట్లోకి కాస్త నెత్తురు వెళ్లినా హాని లేదు. బొత్తిగా ఓర్చుకోలేకపోతే ఆ వైపు ఒక రోజు పిండి ఉగ్గుగిన్నెతో పట్టండి, పిండకుండా వదిలెయ్యొద్దు. పట్టు బాగున్నా వారం తర్వాత నొప్పి తగ్గకపోతే పాప నాలుక కింద తీగ బిగుతుగా ఉందేమో, నోట్లో తెల్లటి పూత ఉందేమో డాక్టరుతో చూపించాలి.

కుడి వైపు గడ్డ

మన ఇళ్లలో జరిగే పొరపాటు ఇక్కడ ఒకటుంది. బాలింత స్నానం చేయించేవాళ్లు మరిగే నీళ్లు పోసి, నూనె రాసి, గడ్డను బలంగా పిసికి కరిగిస్తామంటారు. ఒప్పుకోవద్దు. లోపల వాచి ఉన్న మెత్తటి కండ నలిగి వాపు పెరుగుతుంది.

పాలు పట్టే ముందు నల్లటి భాగం రాయిలా ఉంటే, రెండు చేతుల వేళ్ల కొనలు చనుమొన మొదట్లో చుట్టూ ఆనించి ఛాతీ వైపు మెల్లగా నిమిషం పాటు నొక్కి ఉంచాలి. ఆ చోటు మెత్తబడి పాప నోటికి చిక్కుతుంది. అప్పటికీ పట్టుకోలేకపోతే కొంచెం పిండాలి. తాగించాక చన్నీళ్ల గుడ్డ, లేదా గుడ్డలో చుట్టిన ఐసు పది పదిహేను నిమిషాలు పెట్టండి. "బాలింతకు చలవా!" అని పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు, కానీ వాపు తగ్గించేది అదే. గడ్డను నిమరాలనిపిస్తే పిల్లిని నిమిరినంత తేలిగ్గా, చంక వైపుకు. పాలిచ్చే తల్లికి పారాసిటమాల్, ఇబుప్రొఫెన్ రెండూ పనికొస్తాయి. ఆసుపత్రిలో రాసిచ్చిన మోతాదులోనే వెయ్యండి, కడుపులో పుండు లేదా కిడ్నీ సమస్య ఉంటే ఇబుప్రొఫెన్ వద్దు.

గడ్డ మీద చర్మం ఎర్రబడి, చలితో జ్వరం 101 దాటి, ఒక రోజులో తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, యాంటీబయాటిక్ అవసరం పడొచ్చు. ఆ సమయంలోనూ ఆ రొమ్ము పాలు పట్టడం ఆపొద్దు. పాపకు ఏమీ కాదు. హఠాత్తుగా ఆపితేనే చీముగడ్డ అయ్యే ప్రమాదం ఎక్కువ.

చేత్తో పిండడం

ఈ వయసులో పంపు కంటే చెయ్యే నయం, ఖర్చూ లేదు. చేతులు కడుక్కుని, మరిగించిన స్టీలు గిన్నె పెట్టుకోండి. బొటనవేలు పైన, చూపుడువేలు కింద, చనుమొనకు రెండు వేళ్ల దూరంలో. ముందు ఛాతీ వైపుకు నొక్కి, తర్వాత రెండు వేళ్లూ దగ్గరికి నొక్కి, వదలాలి. చర్మం మీద వేళ్లు జార్చకూడదు, చనుమొనను లాగకూడదు. మొదటి రెండు నిమిషాలు ఏమీ రాకపోవచ్చు, చేపు వచ్చే దాకా ఓపిక పట్టాలి. వేళ్ల చోటు మారుస్తూ ఒక్కో వైపు మూడు నుంచి ఐదు నిమిషాలు, అటూ ఇటూ మారుస్తూ మొత్తం ఇరవై ముప్ఫై నిమిషాలు.

పిండిన పాలు 25 డిగ్రీల గదిలో నాలుగు గంటలు ఉంటాయి. మన ఎండాకాలంలో అంత నమ్మకం పెట్టుకోవద్దు, వెంటనే ఫ్రిజ్‌లో లోపలి అరలో పెట్టి 24 గంటల్లో వాడెయ్యండి. పొయ్యి మీద కాచొద్దు, వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి గోరువెచ్చగా చెయ్యండి. పట్టేటప్పుడు పాపను కాస్త నిటారుగా కూర్చోబెట్టి, ఉగ్గుగిన్నె కొమ్ము కింది పెదవికి ఆనించి, తనే నాలుకతో అందుకునేలా వంచాలి. నోట్లో పోసేస్తే పొరబోతుంది.

ఎప్పుడు అదనపు పాలు, ఎన్ని

మూడు రోజుల్లో 60 గ్రాములు పెరక్కపోతే, ప్రతిసారీ రెండు రొమ్ములూ ఇచ్చాక 20 నుంచి 30 మిల్లీలీటర్లు పిండిన పాలు పట్టండి. అవి చాలకపోతే, డాక్టరు చెబితే, పోతపాలు. ఇందులో నామోషీ ఏమీ లేదు, బిడ్డ బరువే ముఖ్యం. కానీ రొమ్ము తర్వాతే, ఉగ్గుగిన్నెతోనే, పాలపీకతో కాదు. డబ్బా మీద రాసిన కొలతే కలపండి. ఆదా కోసం నీళ్లెక్కువ కలిపితే కడుపు నిండుతుంది, బరువు పెరగదు. అదనపు పాలు పట్టిన ప్రతిసారీ చెల్లి కూడా పిండాలి, లేకపోతే రొమ్ముకు "ఇంకా కావాలి" అన్న కబురు అందదు. "నువ్వు పడుకో, రాత్రి డబ్బా మేం పడతాం" అనే ప్రేమ వల్ల పాలు తగ్గిన తల్లులు చాలామంది. పాలు తయారుచేసే ప్రొలాక్టిన్ అనే హార్మోను రాత్రిపూటే ఎక్కువగా ఊరుతుంది.

నిజంగా పాలు తక్కువుండే తల్లులూ ఉంటారు. కాన్పులో రక్తం బాగా పోయినవాళ్లు, మాయ ముక్క లోపల మిగిలినవాళ్లు, థైరాయిడ్ ఉన్నవాళ్లు, రొమ్ముకు ఆపరేషన్ అయినవాళ్లు. గర్భంలో వేసుకున్న థైరాయిడ్ మాత్ర కాన్పు అయ్యాక మానేసిందేమో చెల్లిని అడగండి, ఇది తరచూ జారిపోయే విషయం. పాలు పెరగడానికని డోంపెరిడోన్ లాంటి మందులు సొంతంగా కొనొద్దు, గుండె లయ మీద ప్రభావం ఉంటుంది. శతావరి పొడులు రొమ్ము ఖాళీ చెయ్యడానికి ప్రత్యామ్నాయం కావు.

తిండి, నీళ్లు, ఉగ్గు

పథ్యం పేరుతో నీళ్లు తగ్గించొద్దు. నీళ్లు తాగితే, పప్పు తింటే కుట్లు చీము పడతాయన్నది నిజం కాదు. పాలిచ్చిన ప్రతిసారీ పక్కన ఒక గ్లాసు నీళ్లు పెట్టండి, దాహం వేసినంత తాగితే చాలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో మొదటి ఆరు నెలలు తల్లికి రోజుకు 600 క్యాలరీలు అదనంగా కావాలి, అంటే ఇంకో చిన్న భోజనం. వెల్లుల్లి కారం, మునగాకు, సొరపిట్టు బ్రహ్మాండంగా పెట్టండి, తల్లికి బలం. పాలు పెంచేది మాత్రం బిడ్డ నోరు. ఐరన్, కాల్షియం మాత్రలు ఆరు నెలలు.

పాపకు ఆరు నెలల దాకా ఎండాకాలంలో కూడా నీళ్లు వద్దు. తల్లిపాలలో 88 శాతం నీళ్లే. తేనె ఏడాది లోపు ప్రమాదం, దానిలోని క్రిముల వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావొచ్చు. ఆముదం, వస కొమ్ము, గ్రైప్ వాటర్ కూడా వద్దు. డాక్టరు రాసిన విటమిన్ డి చుక్కలు, రోజుకు 400 యూనిట్లు, అవి మాత్రం వెయ్యాలి.

అక్కగా మీ పని పాలు పట్టడం తప్ప మిగతా అంతా. తేన్పు తెప్పించడం, గుడ్డలు మార్చడం, వచ్చిపోయేవాళ్లను గుమ్మం దగ్గరే పలకరించి పంపడం, రాత్రి రెండింటికి లేచి దిండు సర్దడం. "పాలు ఉన్నాయా?" అని రోజుకు పదిసార్లు అడిగేవాళ్లను ఆ గది నుంచి దూరంగా ఉంచండి. కంగారు, నొప్పి ఉన్నప్పుడు పాలు చేపుకు రావడం నిజంగానే ఆలస్యమవుతుంది.

పాప అరికాళ్లు, అరచేతులు పచ్చబడినా, ఒళ్లు కాలుతున్నా చల్లబడినా, డొక్కలు ఎగరేస్తూ నిమిషానికి అరవై మించి ఊపిరి తీస్తున్నా తెల్లారే దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. కామెర్లకు ఎండలో పడుకోబెట్టడం వైద్యం కాదు.

నాలుగో రోజు తూకం, ఈ మూడు రోజుల గుడ్డల గీతలు, పన్నెండో రోజు తూకం ఇక్కడే రాయండి. 2.80 దాటితే అదనపు పాల మాటే వద్దు. దాటకపోతే ఎన్నిసార్లు, ఎన్ని మిల్లీలీటర్లు పట్టాలో, వాటిని మళ్లీ ఎలా తగ్గించుకురావాలో ఆ అంకెలు చూసి చెబుతాను.